డంజియన్స్ అండ్ డ్రాగన్స్ స్టార్టర్ సెట్: తెలుగులో ఆడి చూసిన తరువాత

మొన్నటి వేసవి సెలవుల్లో మా కాకినాడ ఇంటికి నలుగురు పిల్లలు చేరారు. అన్నయ్య కూతురికి 16 ఏళ్లు, కొడుకుకు 14, డాలస్ నుంచి వచ్చిన మా ఆడపడుచు కొడుకుకు 13, మా చెల్లెలి కూతురికి 11. నేను ముగ్గురికి అత్తయ్యను, చిన్నదానికి పెద్దమ్మను. తొమ్మిది మధ్యాహ్నాలు వారితో కూర్చుని, పాత్రలు ధరించి మాటలతో కథ నడిపే 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను, కొత్తవారి కోసం చేసిన స్టార్టర్ సెట్ పెట్టెతో తెలుగులో ఆడించిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. కథ నడిపించవలసిన మనిషికి ఈ పెట్టె చక్కటి గురువు. ఆడవలసిన వారికి మాత్రం, తమ వంతు వచ్చినప్పుడు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్న అసలు విద్యను ఇది సరిగా నేర్పదు. ఆ విద్య పట్టుబడకపోతే నియమాలన్నీ కంఠస్థం వచ్చినా ఈ ఆటలో ఆనందం ఉండదు కాబట్టి, ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

నేను చెబుతున్నది 2014లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ విడుదల చేసిన పెట్టె గురించి. అప్పట్లో అమెరికాలో దాని ధర 19.99 డాలర్లు. లోపల 32 పేజీల నియమాల పుస్తకం, 'లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్' అనే 64 పేజీల కథాపుస్తకం, ముందే సిద్ధం చేసిన అయిదుగురు వీరుల పత్రాలు, నాలుగు ముఖాల దాని నుంచి ఇరవై ముఖాల దాని వరకు ఆరు రకాల పాచికలు ఉంటాయి. బోర్డు ఉండదు, బొమ్మలు ఉండవు, గెలుపు గీత ఉండదు. ఈ ఆట మొదటిసారి అచ్చయింది 1974లో. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు దీన్ని రూపొందించగా, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి టీఎస్ఆర్ అనే సంస్థ వెలువరించింది. 1997లో విజార్డ్స్ సంస్థ టీఎస్ఆర్‌ను కొనుక్కుంది. ఈ పెట్టెలోని నియమాలు ఆ ఆట అయిదవ కూర్పుకు చెందినవి.

ఆట తీరు తెలియనివారి కోసం రెండు మాటలు. ఒకరు సూత్రధారి. అసలు పేరు డంజియన్ మాస్టర్ అయినా మా ఇంట్లో సూత్రధారి అన్న మాటే నిలిచింది. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరిస్తారు. సూత్రధారి సన్నివేశం చెప్పి, "మీరేం చేస్తారు?" అని అడుగుతారు. పాత్రధారి తాను చేయదలచినది చెబుతాడు. అది జరుగుతుందో లేదో అనుమానమైన చోట ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెకు పాత్ర బలాన్ని కలిపి, సూత్రధారి అనుకున్న అంకెను అందుకుందా అని చూస్తారు. సులువైన పనికి 10, మధ్యరకం పనికి 15, కష్టమైన పనికి 20 అందుకోవాలి. పరిస్థితి అనుకూలంగా ఉంటే రెండుసార్లు వేసి పెద్ద అంకెను, ప్రతికూలంగా ఉంటే చిన్న అంకెను తీసుకుంటారు. పాచికపై 11 కాని అంతకు మించి కాని పడే అవకాశం మామూలుగా సగానికి సగం, అనుకూలతతో అది 75 శాతానికి పెరుగుతుంది. ఈ ఒక్క నియమం పిల్లలకు ఎంత నచ్చిందంటే, రెండో రోజు నుంచే వారు పాచిక వేయడానికి ముందు అనుకూలత ఎలా సంపాదించాలా అని ఆలోచించసాగారు.

మన బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉండి, ప్రశ్నలు వేసి, వ్యాఖ్యానించి, కథను ముందుకు తోస్తారు. ఈ ఆటలో వంతల మాటకు కథనే మార్చే హక్కు కూడా ఉంటుంది. మా అత్తగారికి ఆట గురించి ఇలా చెప్పినప్పుడే అర్థమైంది. ఆ తరువాత ఆమె మా నిర్వహణలో ఒక ముఖ్యమైన బాధ్యత తీసుకున్నారు, దాని సంగతి కొంచెం ముందుకు వెళ్లాక చెబుతాను.

ఇక్కడి నుంచి కథలోని విషయాలు కొన్ని బయటపడతాయి. ఈ కథను పాత్రధారిగా ఆడాలనుకుంటున్నవారు చివరి మూడు పేరాలు మాత్రం చదువుకోవడం మంచిది.

పెట్టెలో నాకు అన్నిటికంటే నచ్చినవి వీరుల పత్రాలు. ఇద్దరు మనుష్య యోధులు, ఒక మరుగుజ్జు జాతి మతాచార్యుడు, హాఫ్లింగ్ అనే పొట్టి జాతి దొంగ ఒకడు, ఎల్ఫ్ అనే కాల్పనిక జాతి మాంత్రికుడు ఒకడు. పత్రాల మీద పేర్లు ఉండవు, పేరు పెట్టుకోవడం పిల్లల పని. మతాచార్యుడికి మల్లన్న అనీ, దొంగకు చిట్టి అనీ మా వాళ్లు పేర్లు పెట్టగానే ఆ పరాయి దేశపు కథ కొంత మనదైపోయింది. అయితే గొప్పతనం పేరులో కాదు, ప్రతి పత్రం మీదా రాసి ఉన్న స్వభావం, ఆశయం, అనుబంధం, లోపం అనే నాలుగు అంశాలలో ఉంది. ఇవి అలంకారానికి రాసినవి కావు. మతాచార్యుడు కథలో కనబడకుండా పోయే ముగ్గురు అన్నదమ్ములకు బంధువు. దొంగకు రౌడీమూకతో పాత పగ ఉంది. యోధుల్లో ఒకరికి పాడుబడిన తన ఊళ్లో చేరిన డ్రాగన్‌ను తరిమివేయాలన్నది లక్ష్యం. అందువల్ల కథలో ఏ మలుపు వచ్చినా, అది ఎవరో ఒకరి సొంత విషయమై కూర్చుంటుంది. "ఇప్పుడు నేనేం చెయ్యాలి అత్తయ్యా?" అని మా వాడు బిక్కమొహం వేసినప్పుడల్లా, "నీ పత్రం చూసుకో నాన్నా" అనడం సరిపోయేది. నియమాల పుస్తకం మాటల్లో చెప్పని పాఠంలో సగం ఈ పత్రాలు మౌనంగా చెబుతాయి.

కథ ఇలా మొదలవుతుంది. నెవర్‌వింటర్ అనే నగరంలో గండ్రెన్ అనే మరుగుజ్జు వ్యాపారి ఒక బండెడు సరుకును ఫాండలిన్ అనే ఊరికి చేర్చమని వీరులను అడుగుతాడు, మనిషికి 10 బంగారు నాణేలు కూలి. దారిలో ఒక మలుపు తిరగగానే రెండు చచ్చిన గుర్రాలు బాటకు అడ్డంగా పడి ఉంటాయి, వాటి ఒంటి నిండా నల్ల ఈకల బాణాలు. చుట్టూ పొదల్లో గోబ్లిన్లనే చిన్నపాటి రాక్షసులు నలుగురు పొంచి ఉంటారు. పిల్లలను ఆటలోకి లాగడానికి ఇంతకంటే మంచి దృశ్యం ఉండదు. అయితే ఆ నలుగురు గోబ్లిన్లు మొదటి లెవెల్‌లో, అంటే అనుభవంలో తొలిమెట్టు మీద ఉన్న వీరులకు నిజంగా ప్రమాదకరమని కొత్త సూత్రధారి ముందే తెలుసుకోవాలి. మాంత్రికుడి హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బకు తట్టుకోగలడన్న లెక్క, 8. గోబ్లిన్ కొట్టే ఒక్క దెబ్బ ఆరు ముఖాల పాచిక మీద పడిన అంకెకు 2 కలిపినంత, అంటే 3 నుంచి 8 వరకు. కవచం లేని మాంత్రికుడికి ఆ దెబ్బ తగిలే అవకాశం 65 శాతం. లెక్క తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

మా మొదటి రోజున తప్పు నాదే. నలుగురిలో ముగ్గురు గోబ్లిన్లను నేను ఆలోచించకుండా మాంత్రికుడి వైపే గురిపెట్టించాను. మా చెల్లెలి కూతురు తన మొదటి వంతు రాకముందే తన పాత్ర నేలకూలడం చూసి, కళ్లనీళ్లు దిగమింగుకుని, "నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు పెద్దమ్మా" అంది. ఆ మాటే నాకు ఈ ఆటలోని అసలు సంగతి నేర్పింది. పాత్ర పడిపోవడం కంటే తన వంతు తనకు దక్కకపోవడం ఆ పిల్లను బాధపెట్టింది. మతాచార్యుడు మంత్రం వేసి మాంత్రికుణ్ణి లేపాడు, ఆట సాగింది. కథాపుస్తకాన్ని తరువాత జాగ్రత్తగా చదివితే, ఒకవేళ వీరులందరూ ఓడిపోతే గోబ్లిన్లు వారిని చంపకుండా, స్పృహ లేని స్థితిలో వదిలేసి, సరుకు దోచుకుని పోతారని స్పష్టంగా రాసి ఉంది. ముగ్గురు గోబ్లిన్లు పడిపోతే నాలుగోవాడు పారిపోవడానికి ప్రయత్నిస్తాడనీ ఉంది. ఓటమి తరువాత కూడా కథ ఎలా నడుస్తుందో కొత్తవారికి మొదటి ఘట్టంలోనే చూపించడం ఈ పుస్తకం చేసిన మంచి పని.

ఇప్పుడు అసలు విషయం. నియమాల ప్రకారం పోరాటంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వంతు వస్తుంది. ఆ వంతులో మనిషి 30 అడుగుల మేర కదలవచ్చు, మరుగుజ్జు, హాఫ్లింగ్ అయితే 25 అడుగులు. ఒక పని చేయవచ్చు. తలుపు తీయడం, కత్తి దూయడం వంటి చిన్న చేష్ట ఒకటి అదనం. రెండు మాటలు మాట్లాడవచ్చు. నడకను విడగొట్టి, కొంత దూరం వెళ్లి, కొట్టి, మిగిలిన దూరం వెనక్కి రావచ్చు. నియమాల పుస్తకం ఇంత వరకు స్పష్టంగానే చెబుతుంది. అయితే ఈ నియమాన్ని మాటల్లో ఎలా పెట్టాలో చెప్పదు, తెలుగులో ఆడేవారికి చిక్కు అక్కడే వస్తుంది.

తెలుగు వాక్యానికి ఒక అందం ఉంది. వెళ్లి, ఎక్కి, దూకి, లాగి, తోసి అంటూ ఎన్ని అసమాపక క్రియలనైనా ఒకే దండలో గుచ్చి చివర ఒక్క క్రియతో ముడి వేయవచ్చు. మా యోధుడు తన మొదటి వంతులో ఊపిరి తీసుకోకుండా, "నేను పరిగెత్తుకెళ్లి, గుర్రం మీదెక్కి, అక్కణ్ణుంచి దూకి, వాడి కత్తి లాక్కుని, ఆ కత్తితోనే వాణ్ణి చంపేసి, రెండోవాడి వెనక్కి వెళ్లిపోయాను" అన్నాడు. వాక్యం ఎంతో బాగుంది. కాని అందులో మూడుసార్లు వంతు వస్తే తప్ప చేయలేనంత పని ఉంది, వేయవలసిన పాచికలు రెండో మూడో ఉన్నాయి, పైగా పాచిక తేల్చవలసిన ఫలితాన్ని వాడే తేల్చేశాడు. పక్కన కూర్చున్నవారికి ఆ గోబ్లిన్‌తో ఇక పని లేకుండా పోయింది.

దీన్ని సరిచేయడానికి మేము పెట్టుకున్న పద్ధతి పెట్టెలో లేదు, కాని పెట్టెలోని నియమం నుంచే పుట్టింది. ఒక్కొక్క క్రియ దగ్గర ఆగి, ఇది నడకా, పనా, చిన్న చేష్టా అని అడుక్కున్నాం. 'పరిగెత్తుకెళ్లి' నడక. 'కత్తి దూసి' చిన్న చేష్ట. 'కొడతాను' పని. అక్కడితో వాక్యం ముగియాలి. రెండవది కాలానికి సంబంధించినది. "కొట్టాను, చంపాను" అని భూతకాలంలో చెప్పకూడదు. "కొడతాను" అని చెప్పి ఆగాలి. తగిలిందో లేదో పాచిక చెబుతుంది, తగిలాక ఏమైందో సూత్రధారి చెబుతారు. ఈ ఒక్క మార్పుతో రెండో రోజుకే ఆట స్వరూపం మారిపోయింది. "కొట్టాను"కీ "కొడతాను"కీ మధ్య ఉన్న ఆ క్షణంలోనే పాచిక దొర్లుతుంది. అందరూ ముందుకు వంగి చూసేది ఆ క్షణాన్నే.

అలాగని పొడిగా "కొడతాను" అని ఊరుకోవడం కూడా మంచిది కాదు. మా పెద్దమ్మాయి మొదట్లో అలాగే ఆడింది. నియమం తప్పలేదు కాని, మల్లన్న ఎలాంటివాడో ఎవరికీ తెలియలేదు. చేసే పని ఒకటి, అది ఎలా చేస్తాడన్నది ఒకటి, ఈ రెండూ వాక్యంలో ఉంటే చాలు. మల్లన్న ఎప్పుడు గదను ఎత్తినా ముందు గడ్డాన్ని నడుంపట్టీలో దోపుకుంటాడని ఆ అమ్మాయి ఒక రోజు చేర్చింది. మూడు మాటల చేర్పు. ఆ తరువాత ఎప్పుడు ఆమె "గడ్డం దోపుకుని" అని మొదలుపెట్టినా, మిగతా ముగ్గురూ ఉత్సాహంగా పాచిక అందించేవారు. ఇంకొక మంచి అలవాటు మా చిన్నదాని నుంచి వచ్చింది. తన వంతు చివర ఆమె ఎవరో ఒకరికి ఏదో ఒకటి వదిలిపెట్టేది. "నేను వాడి కళ్లలోకి వెలుగు కొడతాను, చిట్టి పక్క నుంచి వెళ్లడానికి వీలుగా" అనేది. చిట్టి పాత్రధారికి అది అనుకూలతగా మారేది. మొదటి రోజు తన వంతు పోగొట్టుకున్న పిల్లే ఇతరుల వంతు గురించి అందరికంటే ముందు ఆలోచించడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

తెలుగులో ఆడడం వల్ల కలిగిన లాభాలూ ఉన్నాయి. ఉత్తమ పురుషలో మన క్రియకు లింగభేదం లేదు. ఆడపిల్ల మగ మాంత్రికుడి పాత్ర ధరించి "చేస్తాను" అంటే ఏ ఇబ్బందీ లేదు. చదివి వినిపించమని పుస్తకంలో ఇచ్చిన ఇంగ్లీషు భాగాల్లో 'యూ' అన్న మాట ఒకరికా అందరికా తెలియదు. నేను బృందానికి 'మీరు' అనీ, వంతు ఉన్నవారికి 'నువ్వు' అనీ వాడాను. ఎవరు మాట్లాడాలో పిల్లలకు చెప్పకుండానే తెలిసిపోయింది. పాత్రల సంబోధన ఇంకా ముఖ్యమైనది. గోబ్లిన్ల గుహలో యీమిక్ అనే రెండో నాయకుడు, సిల్డర్ అనే యోధుణ్ణి బందీగా పట్టుకుని గట్టు అంచున నిలబెట్టి, తన పై నాయకుడైన క్లార్గ్‌ను చంపి తల తెచ్చి ఇస్తే బందీని వదిలేస్తానని బేరం పెడతాడు. నేను యీమిక్ చేత మొదట "ఏరా" అనిపించి, వీరుల బలం చూశాక "మీరు" అనిపించాను. మా డాలస్ కుర్రాడు వెంటనే, "వాడు మీరు అంటున్నాడంటే భయపడ్డాడు అత్తయ్యా, రేటు తగ్గిద్దాం" అన్నాడు. ఆ తరువాత అరగంట సేపు సాగిన బేరం మా తొమ్మిది మధ్యాహ్నాల్లో కత్తి దూయకుండా గడిచిన ఉత్తమ ఘట్టం.

అత్తగారి సంగతి చెబుతానన్నాను. కథాపుస్తకంలోని పటాలన్నీ సూత్రధారి కోసం గీసినవి. రహస్య ద్వారాలు, ఉచ్చులు వాటిలోనే గుర్తించి ఉంటాయి కాబట్టి పిల్లలకు చూపించడానికి వీల్లేదు. వారి కోసం వేరే పటమేదీ పెట్టెలో లేదు. కాగితాల మీద గీసి గీసి నేను విసిగిపోతుంటే, అత్తగారు వసారాలో గచ్చు మీద ముగ్గుపిండితో పదిహేను చుక్కలు, పదిహేను వరసలు పెట్టి, "చుక్కకీ చుక్కకీ మధ్య ఎన్ని అడుగులు కావాలమ్మా?" అని అడిగారు. అయిదు అడుగులన్నాను. మనిషికి ఆరు చుక్కలు, మరుగుజ్జుకు అయిదు చుక్కలు. గుహగోడలు ముగ్గుగీతలయ్యాయి. గోబ్లిన్లకు చింతపిక్కలు, వీరులకు అష్టాచెమ్మా గవ్వలు వాడాం. గుహలో పైనున్న మడుగు తెంచి గోబ్లిన్లు నీటిని వదిలే ఘట్టం ఉంది. అప్పుడు అత్తగారు చెంబుతో కొంచెం నీళ్లు నిజంగానే ముగ్గు మీద పోశారు. ఆ పటం ఆ రోజుకు పనికిరాకుండా పోయినా పిల్లలు దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు.

ఫాండలిన్ ఊరు వచ్చాక పుస్తకం స్థాయి పెరుగుతుంది. అక్కడి నుంచి ఏ వైపు వెళ్లాలన్నది పూర్తిగా పిల్లల ఇష్టం. సత్రం, సరుకుల కొట్టు, ఊరిని పట్టి పీడించే ఎర్ర అంగీల ముఠా, పాడుబడిన కోట కింది స్థావరం, ఊరివాళ్లు చెప్పే చిన్న చిన్న కష్టాలు, ఒక్కొక్కటి ఒక్కొక్క దారి. ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి, ఆ మనిషికి ఒక అవసరం ఉండడం వల్ల కొత్త సూత్రధారికి ఏం చెప్పాలా అన్న బెంగ ఉండదు. ఏది ముందు, ఏది వెనక అన్న పట్టింపు లేకుండా ఇంత తేలికగా రాయడం సామాన్యం కాదు. చిన్నప్పుడు నెల నెలా చందమామ సీరియల్ కోసం ఎదురుచూసిన నాకు, తరువాతి భాగం ఏమిటో పాఠకులే నిర్ణయించే కథ ఎలా ఉంటుందో ఈ భాగంలోనే తెలిసింది.

థండర్‌ట్రీ అనే శిథిల గ్రామంలోని ఆకుపచ్చ డ్రాగన్ గురించి మాత్రం హెచ్చరించాలి. దాని విషపు ఊపిరి దెబ్బ పన్నెండు ఆరు ముఖాల పాచికలంత, సగటున 42. మూడో లెవెల్ వీరులు ఒక్క ఊపిరికే నేలకూలిపోగలరు. దాని హిట్ పాయింట్లు 136, సగానికి తగ్గితే అది ఎగిరిపోతుందని పుస్తకం చెబుతుంది. పారిపోవడం కూడా ఒక వంతేనని పిల్లలు ఇక్కడ నేర్చుకుంటారు. కాని ఆ సంగతి సూత్రధారి ముందుగా ఊరివాళ్ల నోట పలికించకపోతే అన్యాయమే అవుతుంది. చివరి గుహ విశాలంగా, ఓపికగా తిరగవలసినదిగా ఉంది. అక్కడ ఎదురయ్యే ప్రతినాయకుడు అంతకుముందు కథలో ఎక్కడా తన ముఖం చూపించడు. అతని పేరు విని విని చివరికి చూడగానే మా పిల్లలకు కోపం రాలేదు, భయమూ కలగలేదు. ఈ కథలో నాకు నచ్చని భాగం ఇదొక్కటే.

సెలవులు అయిపోయి పిల్లలు ఎవరి ఊళ్లకు వారు వెళ్లాక, మిగిలిన భాగాన్ని కొంత ఆదివారాల వీడియో కాల్‌లోనూ, కొంత ఫోన్‌లో రాసుకుంటూనూ ఆడాం. రాసి ఆడేటప్పుడు వంతు విద్య మరింత అవసరమవుతుందని తెలిసింది. ఎదురుగా ముఖాలు కనిపించవు, తరువాతివారు ఎప్పుడు చదువుతారో తెలియదు. పేరా పొడుగునా తన పాత్ర మనసులోని మాటలు రాసి, చేసే పని రాయడం మరిచిపోతే ఆట ఒక రోజంతా ఆగిపోతుంది. అందుకని వంతు నాలుగు వాక్యాలు దాటకూడదనీ, చేసే పని చివరి వాక్యంలో స్పష్టంగా ఉండాలనీ, పక్కవారి పాత్ర చేత తాను మాట్లాడించకూడదనీ ఒప్పందం చేసుకున్నాం. మా డాలస్ కుర్రాడికి తెలుగు రాయడం అంతగా రాదు. మొదట ఇంగ్లీషు లిపిలో రాసేవాడు. చిట్టి మాటలు మాత్రం తెలుగు లిపిలోనే ఉండాలని తనంతట తానే పట్టుబట్టి, వాళ్లమ్మను అడిగి అడిగి రాయడం మొదలుపెట్టాడు. ఒత్తులు తప్పుతాయి, అయినా చిట్టి గొంతు వినిపిస్తుంది.

ఈ పెట్టె లోపాల గురించి కొనేవారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సొంతంగా కొత్త పాత్రను తయారుచేసుకునే పద్ధతి ఇందులో లేదు, దానికి సంస్థ ఉచితంగా ఇచ్చిన మౌలిక నియమాలను దింపుకుని చదువుకోవాలి. ఇరవై ముఖాల పాచిక ఒక్కటే ఉండడంతో నలుగురి మధ్య అది చేతులు మారుతూనే ఉంటుంది, ఇంకొక జత కొనుక్కోవడం మంచిది. పుస్తకాలు రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. కఠినమైన భాష కాదు కాని, అక్కడికక్కడ చదివి తెలుగులో చెప్పడం అనుభవం లేనివారికి కష్టం. నేను ప్రతి రాత్రీ మరుసటి రోజు భాగాన్ని చదివి, చదివి వినిపించవలసిన పేరాలను నోటుపుస్తకంలో నా మాటల్లో రాసుకునేదాన్ని. గంట పని. ఆ గంట పెట్టలేనివారు ఈ పెట్టెను తెలుగులో ఆడించడం కష్టమే.

ఇప్పుడు ఈ పెట్టె దొరకడం అరుదైంది. 2019లో ఇదే సంస్థ తెచ్చిన ఎసెన్షియల్స్ కిట్‌లో పాత్రల తయారీ పద్ధతి, 11 పాచికలు, పిల్లలకు చూపించదగిన పటం, సూత్రధారికి అడ్డుగా పెట్టుకునే అట్ట ఉన్నాయి. ఒక్కరే పాత్రధారి ఉన్నా ఆడుకునేలా సహచర పాత్రల నియమాలూ ఉన్నాయి. దాని కథ కూడా ఫాండలిన్ చుట్టూనే తిరుగుతుంది, కాని చిన్న చిన్న పనుల జాబితాలా సాగుతుంది. అల్లిక లాస్ట్ మైన్‌కే ఎక్కువ. 2022లో వచ్చిన స్టార్టర్ సెట్ కథ మూడో లెవెల్‌కే ముగుస్తుంది, ఇది అయిదో లెవెల్ వరకు నడుస్తుంది. 2024లో నియమాలను సవరించి కొత్త పుస్తకాలు తెచ్చారు కాబట్టి, ఇందులోని కొన్ని వివరాలు వాటితో సరిపోలవు. మొదటిసారి ఆడేవారికి దానివల్ల ఇబ్బందేమీ లేదు. పాత పెట్టె మంచి స్థితిలో, న్యాయమైన ధరకు దొరికితే, పన్నెండేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి నేను నిస్సంకోచంగా దీన్నే చెబుతాను. దానితోపాటు రెండో జత పాచికలూ, ఒక నోటుపుస్తకమూ తెచ్చుకోండి. పటానికి మా ఇంట్లో ముగ్గుపిండి సరిపోయింది. మా పిల్లలు వచ్చే సంక్రాంతికి మళ్లీ కలుస్తున్నారు. ఈసారి సూత్రధారి మా పెద్దమ్మాయి, నేను పెట్టెలో మిగిలిపోయిన అయిదో పత్రం తీసుకుంటున్నాను.